లాకు దగ్గరి బాక్సు

తాటిలంకలో బాక్సు ఎక్కడ పెట్టాలో చూసి రమ్మని ఆఫీసు పంపితే, ఏంజెల్ బందరు నుంచి స్కూటీ మీద ఒక్కతే బయల్దేరింది. ఉల్లిపాలెం వంతెన దాటి దివిసీమలోకి దిగేదాకా బాగానే ఉంది. రోడ్డు పక్కన రొయ్యల చెరువులు మొదలయ్యాక ఎందుకో రెండుసార్లు బండి ఆపి నీళ్ళు తాగింది.

ఆమె టెలిఫోన్ కంపెనీలో జూనియర్ ఇంజినీరు. తాటిలంక ఆమెకి కొత్త ఊరు కాదు. అమ్మ సత్యవతి పుట్టింది ఆ ఊరి పేటలోనే. చదువుకుని, టీచరు ఉద్యోగం వచ్చాక గుడివాడలో స్థిరపడింది. ఏంజెల్ పుట్టి పెరిగింది గుడివాడలో. పేటలో ఇప్పుడు పిన్ని రత్నం ఉంటోంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరై, సొంత ఊళ్ళో రెండు గదుల డాబా కట్టుకుంది. సాయంత్రాలు నర్సింగ్ పరీక్షలకి చదివే అమ్మాయిలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. పాడేరు నుంచి పలమనేరు దాకా ఆమెకి శిష్యులున్నారు.

ఊళ్ళో నెట్ మొదటి నుంచీ అంతంతమాత్రమే. సెల్ టవరు దూరం. ఇంటింటికీ ఫైబరు వేద్దామంటే, చెరువులు తవ్వే పొక్లెయిన్లు గట్ల వెంట దాన్ని తెంపుతూనే ఉంటాయి. వేసినవాళ్ళు విసిగి వదిలేశారు. మిగిలింది ఎప్పుడో భూమిలో పాతిన రాగి కేబులు, పాత టెలిఫోన్ లైన్లు. రాగి తీగలో దూరం పెరిగేకొద్దీ నెట్ బలహీనపడుతుంది. మండలంలోని ఎక్స్ఛేంజి నుంచి తాటిలంక చేరేసరికి స్పీడు నాలుగు ఎంబీపీఎస్‌కి మించేది కాదు. దానికి కంపెనీ ఒక ఉపాయం ఆలోచించింది. ఎక్స్ఛేంజిలో ఉండాల్సిన యంత్రాన్ని బీరువా అంత బాక్సులో పెట్టి, రోడ్డు స్తంభాల మీదుగా దానికి ఫైబరు ఇచ్చి, ఊళ్ళోనే నిలబెడతారు. అక్కణ్ణుంచి ఇళ్ళకి పాత రాగి తీగే వెళ్తుంది. తీగ మారదు, నెట్ అందులో నడిచే దూరం తగ్గుతుంది. దూరం తగ్గితే స్పీడు ఎన్నో రెట్లు పెరుగుతుంది. జిల్లాలో మొదటి ప్రయోగానికి తాటిలంకని ఎంచారు.

అంటే బాక్సు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళకి స్పీడు. ఆ సంగతి ఏంజెల్‌కి ఆర్డరు చేతికి వచ్చిన నిమిషంలోనే తట్టింది.

లైన్‌మన్ నాగబాబు పంచాయతీ ఆఫీసు దగ్గర ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. "రెండే చోట్లున్నాయి మేడమ్. ఒకటి మెయిన్ వీధిలో, పిచ్చేశ్వరరావు గారి ప్రహరీ పక్కన. కేబులు ముందు అక్కడికే వస్తుంది. రెండోది లాకు దగ్గర."

ముందు లాకు దగ్గరికి వెళ్ళారు. అది కాలవ మీద, మెయిన్ వీధికీ పేటకీ నడుమ ఉంది. మెయిన్ వీధి దాటిన కేబులు కాలవగట్టు కిందుగా ఈ లాకు మీంచే పేటకి వెళ్తుంది. లాకు తలుపులు తిప్పే చక్రాలు తుప్పుపట్టాయి. పక్కనే కాలవల శాఖ వాళ్ళ చిన్న గది, తాళం వేసి ఉంది. అక్కడ నిలబడితే పేటలో చర్చి, దాని పక్కన పిన్ని డాబా మీది నీలం నీళ్ళ ట్యాంకు కనిపించాయి. ఏంజెల్ అటు చూసి వెంటనే తల తిప్పుకుంది.

"ఇక్కడైతే రెండువైపులకీ సమానంగా వెళ్తుంది కదా," అంది.

"వెళ్తుందండి. కరెంటే లేదు. గదికి లైను ఎప్పుడో పీకేశారు. స్థలానికి కాలవల ఆఫీసు పర్మిషన్ కావాలి. అది ఎప్పటికొస్తుందో మనం చెప్పలేం."

మెయిన్ వీధిలో పిచ్చేశ్వరరావు ఎదురొచ్చి మరీ పలకరించాడు. అరవై దాటిన మనిషి. చెరువులున్నాయి, ఊళ్ళో మాట చెల్లుతుంది. కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు.

"మా ప్రహరీ పక్కన పెట్టుకోండమ్మా. కరెంటు మా మీటరు నుంచే లాగండి, ఆ బిల్లు గురించి మీరు ఆలోచించొద్దు. పైన రేకు కూడా వేయిస్తాను. మా కోడలికి నెట్ లేక చాలా ఇబ్బందిగా ఉంది."

కోడలు లక్ష్మీదుర్గ పెడన అమ్మాయి. పుట్టింటివాళ్ళది కలంకారీ అద్దకం పని. వాళ్ళు వేసిన చీరల్ని ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్ముతోంది. "చీర విప్పి చూపించేసరికి బొమ్మ ఆగిపోతుందండి," అని వాకిట్లోంచే చెప్పింది. "రంగు చూడాలి కదా వాళ్ళు. పది మంది చేరితే అందులో ఏడుగురు వెళ్ళిపోతున్నారు."

ఏంజెల్ గ్లాసు కింద పెడుతుంటే పిచ్చేశ్వరరావు మామూలుగా అడిగాడు. "మీదేవూరమ్మా?"

"గుడివాడండి."

అబద్ధం కాదు. అయినా ఆ మాట అన్నాక ఆమెకి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి, ప్రహరీ పొడవు కొలిచే నెపంతో అటూ ఇటూ రెండుసార్లు నడిచింది. ఆ రోజు పేటకి వెళ్ళలేదు.

బందరు తిరిగొచ్చాక డివిజనల్ ఇంజినీరు విజయ్ కుమార్‌కి రెండు చోట్ల గురించీ చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

"కరెంటు ఉన్నచోటే పెట్టండి. వచ్చే నెల హైదరాబాద్ నుంచి పెద్దాయన చూడ్డానికి వస్తున్నారు. ఈలోగా నంబర్లు కనబడాలి. దూరం ఉన్న లైన్లు బాక్సులోకి ఎక్కించకండి, సగటు పడిపోతుంది. వాళ్ళు ఇప్పుడున్నట్టే ఎక్స్ఛేంజి మీద ఉంటారు. వాళ్ళకేం నష్టం లేదుగా."

నష్టం లేదా అన్నది ఆమె అప్పుడే ఆలోచించాల్సిన ప్రశ్న. ఆలోచించలేదు. లాకు పేరు గట్టిగా ఎత్తితే, తనవాళ్ళ కోసం ఎత్తిందని రేపు ఎవరో ఒకరు అంటారు. ఆ మాట పడకూడదన్న భయమే ఆమె లోపల తిరుగుతోంది. కరెంటు లేదు, పర్మిషన్ లేదు అన్న కారణాలు చేతికి అందుబాటుగా ఉన్నాయి. వాటినే ఫైలులో రాసింది.

రెండు రోజులు పోయాక పిన్ని ఫోన్ చేసింది. "ఏమే, మా ఊరికి ఏదో బాక్సు తెస్తున్నారంటగా. నువ్వేనంటగా తెచ్చేది."

"నేనే పిన్నీ."

"మా పేటకి వస్తుందా?"

"రెండో విడతలో వస్తుంది."

"సరే. అన్నం తింటున్నావా సరిగ్గా?" అని రత్నం వేరే మాటల్లోకి వెళ్ళిపోయింది. రెండో విడత అనేది ఏ కాగితంలోనూ లేదు.

బాక్సు నిలబెట్టారు. స్విచ్చి వేసిన రోజు మెయిన్ వీధిలో ఇంటింటికీ తిరిగి నాగబాబు స్పీడు చూపించాడు. పిచ్చేశ్వరరావు ఇంట్లో డెబ్బై వచ్చింది. చెరువుల దగ్గరి కెమెరాలు అరుగు మీద కూర్చుని చూసుకునేలా అయింది. లక్ష్మీదుర్గ నెమలిపింఛాల చీర ఒకటి లైవ్‌లో విప్పి, పల్లు అంచు దగ్గరగా పట్టుకుని చూపించింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆ సాయంత్రం ఏంజెల్‌కి ఫోన్ చేసి, "మేడమ్, మీకో చీర తీసిపెట్టానండి," అంది. ఏంజెల్ వద్దంది. నిజంగానే సంతోషించింది. అయినా రాత్రి భోజనం ముందు కూర్చుని, ఫోన్‌లో పిన్ని నంబరు తీసి, చేయకుండా మూసేసింది.

వర్షాలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆఫీసులో పని అయ్యాక ఇంటికి వెళ్ళకుండా పిన్ని క్లాసు తెరిచింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ఇంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. స్క్రీన్ మీద రత్నం తెల్ల చీర, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. సెలైను నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్క చెబుతోంది. "బాటిల్ మీద రాసింది చూసి గుడ్డిగా పెట్టకండమ్మా, ముందు పేషెంటు ముఖం..." అంటుండగా గొంతు ముక్కలైంది. ముఖం ఒక పక్కకి తిరిగినట్టు ఆగిపోయింది. పిల్లలు కింద రాస్తున్నారు: మేడమ్ వినబడట్లేదు. మేడమ్ మళ్ళీ చెప్పండి. ఇవాళ కూడా అంతేనా. కాసేపటికి రత్నం పేరే తెర మీంచి పోయింది.

'ఇవాళ కూడా' అన్న మాట దగ్గర ఏంజెల్ చూపు ఆగింది.

కంప్యూటర్‌లో పేట లైన్ల రికార్డు తీసింది. పిన్నిది, చర్చిది, ఇంకో రెండు. నాలుగింటి స్పీడూ నెలనెలా దాదాపు ఒకే గీత మీద నడిచింది. ఒక తేదీ నుంచి పడిపోయింది. నాలుగు వచ్చేచోట స్పీడు ఒకటి కూడా సరిగ్గా రావట్లేదు. అది బాక్సు స్విచ్చి వేసిన తేదీ.

కారణం తెలియడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు. పేట లైన్లు, మెయిన్ వీధి లైన్లు కొంత దూరం ఒకే కేబుల్లో పక్కపక్కనే వెళ్తాయి. పాత రోజుల్లో ఫోన్ ఎత్తితే పక్కింటివాళ్ళ మాటలు సన్నగా వినబడేవి కదా, అలాంటిదే. పేట లైను ఎక్స్ఛేంజి నుంచి అంత దూరం నడిచి అలసి వస్తుంది. దాని చెవి దగ్గరే బాక్సు కొత్త బలంతో మాట్లాడుతుంటుంది. ఆ గోలలో దాని గొంతు వినబడదు. దీనికి విరుగుడు బాక్సులోనే ఉంది. పేట లైన్లు వాడే తరంగాల్లో బాక్సు బలం తగ్గించే సెట్టింగు. స్విచ్చి వేసిన రోజున ఆమె దాన్ని చూసింది. వేస్తే మెయిన్ వీధి నంబర్లు తగ్గుతాయని వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, ఆ సెట్టింగు వేసింది. పేట లైన్లు మెల్లగా లేచాయి. మెయిన్ వీధి పడింది. మధ్యాహ్నానికే పిచ్చేశ్వరరావు ఫోన్.

"స్పీడు తగ్గిందేంటమ్మా? సగం కూడా రావట్లేదు."

"పరీక్షలు జరుగుతున్నాయండి. నాలుగు రోజులు చూడండి."

"పరీక్షలా. సరే కానివ్వండి," అన్నాడు ఆయన మర్యాదగా. ఆ మర్యాద ఆమెకి గుచ్చుకుంది.

ఆ నాలుగు రోజులు గడవకుండానే విజయ్ కుమార్ పిలిచాడు. పెద్దాయన రాక ఖాయమైంది. "తాటిలంకలో ఏదో తగ్గించారట. వెనక్కి పెట్టండి. ఆయన వెళ్ళాక మీ ఇష్టం."

"పేట లైన్లు చచ్చిపోతున్నాయి సార్, పైకి పెడితే."

"నాలుగు లైన్లు. ఒక వారం. ఆయన వచ్చి వెళ్ళాక తీరిగ్గా చూద్దాం."

ఏంజెల్ తన సీటుకి వచ్చి చాలాసేపు తెర వైపు చూసింది. పక్క టేబుల్ వాళ్ళు టీ తాగుదాం రమ్మంటే వెళ్ళలేదు. చివరికి సెట్టింగు తీసేసింది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకసారి ఆలోచించక చేసింది. రెండోసారి తెలిసే చేసింది.

పెద్దాయన వచ్చాడు, చూశాడు, మెచ్చుకున్నాడు. ప్రహరీ పక్కన ఫొటోలు దిగారు. ఫొటోలో ఏంజెల్ చివర నిలబడింది. కార్లు వెళ్ళిపోగానే నాగబాబుకి కూడా చెప్పకుండా స్కూటీ తీసి కాలవగట్టు మీదుగా పేటకి వెళ్ళింది.

పిన్ని ఇంటికి తాళం. పక్కింటి వెంకాయమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తింది. "మీ పిన్నా? అవనిగడ్డ వెళ్ళింది. రోజూ అంతేగా ఇప్పుడు. మూడింటి బస్సుకి వెళ్ళి ఎనిమిదింటికొస్తుంది. ఇక్కడ నెట్ రావట్లేదంట."

ఏంజెల్ అవనిగడ్డ వెళ్ళింది. బస్టాండు ఎదురు వరసలో ఒక జిరాక్స్ షాపు. షాపు వాళ్ళు పక్క వరండాలో ఒక బల్ల, ప్లాస్టిక్ కుర్చీ వేసి ఇచ్చారు. గోడకి చిన్న బోర్డు ఆనించి, దాని మీద చుక్కల లెక్క రాసి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని రత్నం పాఠం చెబుతోంది. నాగాయలంక బస్సు హారన్ కొడితే ఆగుతోంది, బస్సు కదిలాక ఆగిన మాట దగ్గరి నుంచి మళ్ళీ మొదలుపెడుతోంది. వాన జల్లు వరండా అంచులోకి కొడుతోంది. ఆమె చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి.

ఏంజెల్ స్తంభం పక్కన నిలబడింది. రత్నం ఆమెని చూసింది. కళ్ళతో కూర్చోమని చెప్పి, పాఠం ఆపలేదు. క్లాసు అయ్యాక బోర్డు తుడిచి, ఫోన్ సంచిలో వేసుకుని, అప్పుడు పలకరించింది.

"ఎంతసేపైంది వచ్చి? టీ తాగావా?"

"తాగలేదు పిన్నీ. నీకు చెప్పాల్సింది ఒకటుంది."

"చెప్పడానికి వచ్చావా, నేనెందుకు ఇక్కడున్నానో అడగడానికి వచ్చావా?"

ఏంజెల్ నోరు తెరిచేలోపే రత్నం చెప్పింది. "బాక్సు వల్లే నా లైను పోయిందని నాకు తెలుసులే. అది వెలిగిన రోజునుంచే పోయింది. నలభై ఏళ్ళు వార్డుల్లో తిరిగాను, ఏ మందు ఇచ్చాక జ్వరం వచ్చిందో ఆ మాత్రం పోల్చుకోలేనా. నువ్వు వచ్చి చెబుతావని చూశాను."

"ఎందుకు అడగలేదు పిన్నీ నన్ను?"

"అడిగితే ఏం చేసేదానివి? పిన్ని అడిగిందని మార్చావంటారు. నిన్నంటారు, నన్నంటారు. బస్సు ఎక్కడం తేలికనిపించింది." ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "కానీ తేలిక్కాదే. మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు."

ఏంజెల్ జరిగినదంతా చెప్పింది. సెట్టింగు వేసి తీసేయడం కూడా. రత్నం అంతా విన్నాక, "మరి నన్నెందుకు కూర్చోబెట్టి చెబుతున్నావ్? నేనేం ఇంజినీర్ని కాదుగా," అని లేచింది. "నా బస్సొచ్చేసింది."

"నా బండి మీద దింపుతాను."

"వద్దులే. వాన పడుతోంది." బస్సు మెట్టు ఎక్కి వెనక్కి తిరిగింది. "చెప్పాల్సిన చోట చెప్పు."

ఏంజెల్ ఆ సాయంత్రమే తాటిలంక తిరిగి వెళ్ళింది. పిచ్చేశ్వరరావు అరుగు మీద కూర్చుని చెరువుల కెమెరాలు చూస్తున్నాడు. తడిసిపోయి వచ్చిన ఆమెని చూసి లక్ష్మీదుర్గ తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"మీతో మాట్లాడాలండి," అంది ఏంజెల్. కూర్చోలేదు. "ఈ బాక్సు ఇక్కడ ఉండటం వల్ల పేటలో లైన్లు పాడయ్యాయి. మీ లైన్లూ వాళ్ళవీ ఒకే కేబుల్లో వెళ్తాయి. ఇక్కడ బలం ఎక్కువైతే అక్కడ నెట్ పోతుంది. మొన్న స్పీడు తగ్గింది పరీక్షల వల్ల కాదు, నేనే తగ్గించాను. మళ్ళీ పెద్దాయన వస్తున్నారని నేనే పెంచాను."

పిచ్చేశ్వరరావు ఫోన్ పక్కన పెట్టాడు. "ఇప్పుడేం చేయాలంటారు?"

"బాక్సుని లాకు దగ్గరికి మార్చాలి. అక్కణ్ణుంచి రెండువైపులకీ ఇవ్వొచ్చు."

"పేట లైన్లు కూడా ఇక్కడికే కలపొచ్చుగా? ఇంత పని ఎందుకు?"

"మొన్న తగ్గించినప్పుడు కలిపి చూశానండి. గట్టు కింద జాయింట్లు తడిసి ఉన్నాయి. అంత దూరం నిలబడట్లేదు."

"లాకు దగ్గర పెడితే మాకెంత వస్తుంది?"

"ముప్పై, నలభై. ఇప్పుడున్నంత రాదు."

చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఏంజెల్ గుండెల మీద ఇంకో మాట ఉంది. అది చెప్పకుండా వెళ్ళిపోతే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కలేననిపించింది.

"ఇంకొకటండి. మాది గుడివాడ అని చెప్పాను. మా అమ్మ పుట్టింది ఈ ఊరి పేటలోనే. రత్నం గారు మా పిన్ని."

"తెలుసమ్మా," అన్నాడు పిచ్చేశ్వరరావు. "సత్యవతి కూతురివి. సత్యవతీ నేనూ హైస్కూల్లో ఒకే క్లాసు. నువ్వు మొదటి రోజు గేటు తీసుకుని వస్తుంటేనే పోల్చుకున్నాను. నడక అదే. దాచాల్సిన పనేముందమ్మా అందులో?"

ఆయన నొచ్చుకున్నట్టే ఉంది గొంతు. ఆ ప్రశ్న అడగడం ఆయనకి తేలిక అని ఏంజెల్ అనుకుంది. ఆయన కూడా తెలిసి ఊరుకున్నాడు, పేటకి ఎంత వస్తుందని ఒక్కసారీ అడగలేదు. ఏంజెల్ తువ్వాలు మడిచి అరుగు మీద పెట్టింది.

గుమ్మంలోంచి లక్ష్మీదుర్గ కలగజేసుకుంది. "మావయ్య గారూ, నాకు లైవ్‌కి ముప్పై ఉంటే బోలెడు. డెబ్బైతో మనం చేసేదేముంది?"

"నీకు చాలొచ్చు. కెమెరాలు? చిట్టచివర ఉన్న ఇళ్ళు? నేను కరెంటిచ్చాను, రేకు వేయించాను. రేపు ఊళ్ళో నన్నడుగుతారు, మన వాకిట్లోది ఎందుకు పోనిచ్చావని." ఆయన లేచి నిలబడ్డాడు. "నేను అడ్డం పడను. అలాగని నా చేత్తో సంతకమూ పెట్టను. మీ కంపెనీ మార్చుకుంటే మార్చుకోండి."

అది అవునో కాదో తెలియకుండానే ఆమె బందరు చేరింది.

మర్నాడు విజయ్ కుమార్ ముందు రెండు స్పీడు పట్టికలూ పక్కపక్కన పెట్టింది, పేటవీ మెయిన్ వీధివీ. మొదట పెట్టిన చోటు తన తప్పేనని, భయపడి లాకు పేరు గట్టిగా చెప్పలేదని చెప్పింది. ఆయన విసుక్కున్నాడు. ఇప్పుడే మెచ్చుకుని వెళ్ళినవాళ్ళకి ఏం చెప్పమంటారని అడిగాడు.

"ప్రయోగం కదా సార్. ప్రయోగంలో తేలింది ఇదేనని చెబుదాం. ఈ బాక్సులు రేపు ఊరూరా పెడతారు. దగ్గరివాళ్ళకి పెరిగి దూరంవాళ్ళకి పోతే ప్రతి ఊళ్ళోనూ ఇదే గొడవ."

ఆయన పట్టికల వైపు ఇంకోసారి చూశాడు. "ఆ సెట్టింగు ఈరోజే వేసేయండి. మిగతాది రాసివ్వండి, చూస్తాను."

ఆ చూడ్డం వారాల తరబడి సాగింది. కాలవల ఆఫీసు చుట్టూ ఏంజెల్ తిరిగినన్ని సార్లు ఎవరూ తిరిగి ఉండరు. ఒకచోట సంతకం అయితే ఇంకోచోట ఆఫీసరు సెలవు. కరెంటు వాళ్ళు స్తంభం లేదన్నారు. స్తంభం వచ్చాక వైరు లేదన్నారు. రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపట్టేది కాదు. ఈలోగా మెయిన్ వీధి నుంచి ఫిర్యాదులు ఆగలేదు. నాగబాబు ఆ వీధిలోకి వెళ్ళడానికి మొహం చెల్లట్లేదన్నాడు. పిచ్చేశ్వరరావు ఫోన్ చేయడం మానేశాడు. అది ఫిర్యాదు కన్నా బరువుగా తోచింది. రత్నం మాత్రం బస్సు మానేసి ఇంటి నుంచే పాఠాలు చెబుతోంది, అక్కడక్కడా తెగుతూ.

వర్షాలు తగ్గుముఖం పట్టాక బాక్సుని ట్రాక్టరు మీద లాకు దగ్గరికి తెచ్చారు. గట్టు కింద తడిసిన జాయింట్లు విప్పి కొత్తగా వేశారు. ఒక మధ్యాహ్నం పిచ్చేశ్వరరావు స్కూటరు మీద అటుగా వచ్చి, దిగకుండానే చూశాడు. తను వేయించిన రేకుని పాత చోటు నుంచి పీకించి తెప్పించి, ఇక్కడ బాక్సు పైన వేయమని నాగబాబుకి చెప్పి వెళ్ళిపోయాడు.

స్విచ్చి వేశారు. పేటలో ముప్పై దాటింది, మెయిన్ వీధిలో నలభై దగ్గర నిలిచింది. రత్నం ఫోన్ చేసి, "గొంతు బాగా వెళ్తోందంట. పిల్లలు చెప్పారు," అంది. ఆ వెంటనే, "అమ్మకి చేశావా ఈ మధ్య?" అని అడిగింది. అంతే. మెచ్చుకోలు లేదు, అలకా లేదు. ఆదివారం భోజనానికి రమ్మని, వచ్చేటప్పుడు బందరు బజార్లో మోకాళ్ళకి కట్టుకునే పట్టీ ఒకటి తెమ్మని చెప్పింది.

ఏంజెల్ అనుకున్నట్టు మనసు అక్కడితో కుదుటపడలేదు. మెయిన్ వీధి అవతల చివర, లాకుకి బాగా దూరంగా మూడు ఇళ్ళున్నాయి. బాక్సు ప్రహరీ పక్కన ఉన్నప్పుడు వాళ్ళకి కూడా మంచి స్పీడు వచ్చేది. ఇప్పుడు తగ్గి, పాత నాలుగు కన్నా కాస్త నయంగా ఉంది. ఆ మూడింట్లో ఒకటి కుసుమ అనే ఆవిడది. భర్త గల్ఫ్‌లో డ్రైవరు. సాయంత్రం వీడియోలో పిల్లలతో మాట్లాడతాడు. ఒక సోమవారం ఆవిడ బస్సెక్కి బందరు ఆఫీసుకి వచ్చి, టెలిఫోన్ సెట్టు, మోడెము పాత చీరగుడ్డలో చుట్టి ఏంజెల్ టేబుల్ మీద పెట్టింది.

"తీసేసుకోండి మేడమ్. కొన్నాళ్ళు ఆయన ముఖం బాగా కనబడింది. పిల్లలు అదే అలవాటు పడ్డారు. ఇప్పుడు ఆగాగిపోతుంటే ఏడుస్తున్నారు. నెట్టే లేకపోతే ఆ ధ్యాసే ఉండదు కదా."

"ఇంకో బాక్సు కోసం రాశానండి. చిన్నది. మీ వీధి చివరకి."

"ఎప్పుడొస్తుందండి?"

ఏంజెల్‌కి రెండో విడత అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. "తెలియదండి. రాసింది నిజం. వస్తుందో రాదో నాకు తెలియదు."

కుసుమ ఆమె ముఖంలోకి చూసింది. చుట్టిన గుడ్డ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత మోడెం వరకూ తీసి సంచిలో పెట్టుకుంది, సెట్టు వదిలేసింది, మళ్ళీ ఏమనుకుందో అదీ తీసుకుంది. "సరే, ఇంకో నెల చూస్తాను," అని వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లు దిగేదాకా ఏంజెల్ కిటికీ దగ్గర నిలబడి చూసింది. పామిడిముక్కల వైపు ఇంకో ఊరికి బాక్సు ఆర్డరు వచ్చి టేబుల్ మీద ఉంది. దాన్ని తెరవకుండా, ముందు విజయ్ కుమార్ గదిలోకి వెళ్ళింది.

"సార్, తాటిలంక చిన్న బాక్సు సంగతి ఏమైంది?"

"మొన్నేగా రాశారు."

"మళ్ళీ రాస్తాను సార్," అంది ఆమె, కూర్చోకుండానే.